పాలమూరు పరిశోధనకు పడికట్టు ఏది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ విశ్వవిద్యాలయానికీ ప్రధాన కార్యాలయం లేదు. అయినా ఆరు విశ్వవిద్యాలయాల శాఖలు ఈ మూడు జిల్లాల నేల మీద పనిచేస్తున్నాయి. మహబూబ్‌నగర్ కేంద్రంగా 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయానికి గద్వాలలోను, వనపర్తిలోను, నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్‌లోను పీజీ కేంద్రాలున్నాయి. బిజినేపల్లి మండలంలోని పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, అది రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. మోజెర్ల ఉద్యాన కళాశాల సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయానికీ, పెబ్బేరు మత్స్య కళాశాల పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయానికీ, వనపర్తి ఇంజినీరింగ్ కళాశాల హైదరాబాదులోని జేఎన్‌టీయూకీ చెందినవి. వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో 2022లోను, గద్వాలలో 2024లోను మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలలు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి.

కాబట్టి ఈ ప్రాంతం ఎంత పరిశోధన చేస్తోంది, దాని ప్రభావం ఎంత అని అడిగినవారికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. పరిశోధనను లెక్కించే అంతర్జాతీయ పట్టికలు వ్యాసం కింద రచయిత రాసుకున్న సంస్థ పేరును బట్టి జమాఖర్చులు వేస్తాయి గనుక, పాలెం పొలంలో జరిగిన పని రాజేంద్రనగర్ ఖాతాలోకీ, పెబ్బేరు చేపల చెరువు మీద జరిగిన పని పశువైద్య విశ్వవిద్యాలయం ఖాతాలోకీ పోతుంది, జిల్లా పేరుతో వెతికినవారికి దాదాపు శూన్యమే కనబడుతుంది. దీనికి తోడు ఈ మూడూ 2016 అక్టోబరు 11న పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జిల్లాలు, అంతకు ముందరి వ్యాసాల్లో చిరునామా మహబూబ్‌నగర్ అనే ఉంటుంది. విశ్వవిద్యాలయాల పేర్లూ నిలకడగా లేవు: 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలైన సంస్థ 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది, 2014లో రాష్ట్రంతో పాటు అదీ విడిపోయి తెలంగాణ భాగానికి జయశంకర్ పేరు వచ్చింది. వనపర్తిని ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు, నాగర్‌కర్నూల్‌ను కొందరు ఒకే మాటగా, మరికొందరు రెండు మాటలుగా రాస్తారు. అవన్నీ ఒకటేనని మనిషికి తెలిసినా కంప్యూటరుకు తెలియదు, అది ఒకే కేంద్రాన్ని నాలుగు కేంద్రాలుగా చీల్చి, నాలుగింటినీ చిన్నవిగా చూపిస్తుంది.

పరిశోధనను కొలవడం అనే ఈ విద్య ఎక్కడ పుట్టిందో, దేని కోసం పుట్టిందో తెలిస్తే దాని హద్దులు కూడా తెలుస్తాయి. ఒక శాస్త్రవేత్త తన వ్యాసంలో మరొకరి వ్యాసాన్ని ఆధారంగా పేర్కొంటే దాన్ని ఉటంకింపు అంటారు, పరిశోధకుల వాడుకలో అది సైటేషన్. ఏ వ్యాసాన్ని ఎవరెవరు ఉటంకించారో చూపే సూచిక ఉంటే పాత ఆలోచనకూ కొత్త ఆలోచనకూ మధ్య దారి కనిపెట్టవచ్చునని అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించాడు. ఆయన ఉద్దేశం గ్రంథాలయాలకూ పరిశోధకులకూ వెతుకులాటలో సాయపడడమే. ఒక పత్రికలో గత రెండేళ్లలో అచ్చైన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని ఉటంకింపులు వచ్చాయో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా పత్రికల ఎంపికకు పనికొచ్చే సాధనంగానే మొదలైంది. పోను పోను అది పత్రికను దాటి మనిషిని తూచే రాయిగా మారింది. హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో సూచించిన హెచ్-ఇండెక్స్ నేరుగా మనిషినే తూచుతుంది: ఒకరి వ్యాసాల్లో కనీసం పదింటికి పదేసి ఉటంకింపులు వచ్చి, పదకొండింటికి పదకొండేసి రాకపోతే, ఆ వ్యక్తి హెచ్-ఇండెక్స్ పది. ఇప్పుడు ఈ లెక్కలకు ప్రధానంగా స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే రెండు వాణిజ్య సమాచార నిధులు ఆధారం. వాటిలో చేరని పత్రికలో అచ్చైన వ్యాసం ఎంత గొప్పదైనా ఆ తూకానికి అందదు.

భారత ప్రభుత్వం 2015లో ప్రారంభించి 2016 నుంచి ఏటా ప్రకటిస్తున్న జాతీయ ర్యాంకింగు, అంటే ఎన్ఐఆర్ఎఫ్, ఈ రెండు నిధుల మీదే ఆనుకుని ఉంది. అందులో విశ్వవిద్యాలయాల విభాగంలో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం, పట్టభద్రుల ఫలితాలకు 20 శాతం, సామాజిక విస్తృతికి 10 శాతం, పేరు ప్రతిష్ఠలకు 10 శాతం బరువు ఇస్తారు. అదే విభాగంలో పరిశోధనకు కేటాయించిన నూరు మార్కుల్లో వ్యాసాల సంఖ్యకు 35, వాటి నాణ్యతకు 35, పేటెంట్లకు 15, ప్రాజెక్టుల సొమ్ముకు 15 పోతాయి. అంటే నూటికి డెబ్బై మార్కులు ఆ రెండు నిధుల్లోని వ్యాసాల మీదే నిలుస్తాయి. కొత్త విశ్వవిద్యాలయాలు, జిల్లా కేంద్రాల్లోని చిన్న కళాశాలలు ఈ పద్ధతిలో వెనుకబడడంలో ఆశ్చర్యం లేదు. ప్రయోగశాల, పరిశోధక విద్యార్థులు, శాశ్వత అధ్యాపకులు, పత్రికల చందాలు అన్నీ ఉన్నచోటే వ్యాసాలు పుట్టుకొస్తాయి. అయితే వెనుకబాటు నిజంగా ఎంత, తూకపు రాయి తెచ్చిపెట్టినది ఎంత అన్నది విడదీసి చూడవలసిన విషయం, దానికి పాలెం కంటే మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు.

పాలమూరు చల్క నేలలు తరతరాలుగా జొన్న, కంది, ఆముదాల మీద బతికాయి. వాన తక్కువ, నేలలో పట్టు తక్కువ, పైరు మధ్యలో బెట్ట వచ్చినా తట్టుకుని నిలిచే పంటలే ఇక్కడ రైతుకు దిక్కు. పాలెం పరిశోధనా స్థానం ఈ పంటల మీదే పనిచేసి ఆముదంలో క్రాంతి, హరిత, కిరణ్ అనే రకాలనూ, పిసిహెచ్-111 వంటి సంకర రకాలనూ, కందిలో పిఆర్‌జి-158, ఉజ్వల అనే పిఆర్‌జి-176 రకాలనూ రైతులకు ఇచ్చింది. ఆముదాన్ని మొదలంటా ఎండబెట్టే వడలు తెగులును తట్టుకునే గుణం హరిత వంటి రకాల్లో తేవడం చిన్న పని కాదు. రెండు మొక్కలను సంకరపరచి, వచ్చిన సంతతిలో ఏటా ఏరుతూ, తెగులు ఉన్న మడిలోనే నాటి తట్టుకున్నవాటిని నిలుపుకుంటూ, కేంద్రంలో దిగుబడి పరీక్షలు చేసి, అఖిల భారత సమన్వయ పథకం కింద ఇతర రాష్ట్రాల కేంద్రాల్లో పరీక్షించి, రైతుల పొలాల్లో మినీకిట్లుగా ఇచ్చి చూసి, ఆ తరువాత విడుదల సంఘం ముందుకు తీసుకుపోవాలి. ఆ పైన బ్రీడరు విత్తనం, దాని నుంచి మూల విత్తనం, దాని నుంచి ధ్రువీకరించిన విత్తనం తయారైతే గాని రైతు చేతికి సంచి రాదు. ఇంత పనికీ పత్రికల్లో మిగిలే ముద్ర ఒకటో రెండో వ్యాసాలు, అవీ చాలాసార్లు దేశీయ పత్రికల్లో.

ఆ వ్యాసాలకు ఉటంకింపులు ఎందుకు ఎక్కువగా రావో కూడా ఆలోచించాలి. ఆముదం మీద ప్రపంచంలో పనిచేసేవారే కొద్దిమంది. ఆ పంట ప్రధానంగా భారతదేశానిది, ఇక్కడ కూడా అధిక భాగం గుజరాత్‌ది. క్యాన్సరు మీద రాసిన వ్యాసాన్ని చదివేవారు వేల ప్రయోగశాలల్లో ఉంటారు గనుక దాన్ని ఉటంకించే చేతులు కూడా వేలల్లో ఉంటాయి. అందుకే కొలమానాల శాస్త్రం తెలిసినవారు ఉటంకింపులను రంగం వారీగా సరిచేసి చూడమంటారు: ఒక వ్యాసానికి వచ్చిన ఉటంకింపులను అదే రంగంలో, అదే ఏడాది ప్రపంచమంతటా వెలువడిన వ్యాసాల సగటుతో భాగిస్తే, ఒకటి వచ్చిన వ్యాసం సగటుకు సమానం, రెండు వచ్చినది సగటుకు రెట్టింపు. ఈ సవరణ చేయకుండా వైద్య కళాశాలనూ వ్యవసాయ కేంద్రాన్నీ ఒకే తక్కెడలో వేయడం అన్యాయం. పేటెంట్ల మార్కులదీ అదే కథ. భారత పేటెంటు చట్టంలోని మూడవ సెక్షను మొక్కలకు, విత్తనాలకు పేటెంటు ఇవ్వరాదని స్పష్టంగా చెబుతుంది. కొత్త వంగడాలకు రక్షణ 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం ద్వారా దొరుకుతుంది. రైతు హక్కులను కాపాడే మంచి చట్టమే అది, కానీ పేటెంట్లను మాత్రమే లెక్కించే పట్టికలో వంగడాన్ని సృష్టించినవారి గడి ఖాళీగానే ఉండిపోతుంది. వ్యాసం కింద చిరునామా ఎన్నిసార్లు మారినా, పాలెం పేరు మాత్రం ఆ విత్తనాల సంకేత నామాల్లో తొలి అక్షరమై నిలిచింది, రైతు దుకాణంలో అడిగేది ఆ పేరునే.

ప్రభావం అనే మాటకు రెండు అర్థాలున్నాయని ఇక్కడ తేలిపోతుంది: తోటి పండితుల మీద పడిన ప్రభావం ఒకటి, బతుకుల మీద పడిన ప్రభావం మరొకటి. బ్రిటన్ ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాల పరిశోధనను మదింపు చేసే విధానంలో 2014 నుంచి ఈ రెండో దానికి విడిగా స్థానమిచ్చింది. తమ పరిశోధన వల్ల విద్యాలయం బయట ఏం మారిందో ఆధారాలతో కథనంగా రాసి ఇమ్మని అడిగి, దానికి ఆ ఏడు 20 శాతం, 2021లో 25 శాతం బరువు వేసింది. ఉటంకింపుల సంఖ్య చాలదని ఒప్పుకున్న తరువాత తట్టిన ఉపాయమిది. పాలెం వంటి కేంద్రానికి ఇటువంటి కథనం రాయడం కష్టం కాదు, ఏ వంగడం ఎన్ని ఎకరాలకు పాకింది, ఏ మండలంలో నిలిచింది, ఏ మండలంలో రైతు దాన్ని వదిలి పత్తికో మొక్కజొన్నకో పోయాడు, ఎందుకు పోయాడు అన్నవి విత్తన సంస్థల అమ్మకాల లెక్కల నుంచీ పొలంలో చేసే సర్వేల నుంచీ తెలుసుకోదగినవే. రైతు వదిలేసిన వంగడం కూడా ఆ కథనంలో ఉండాలి, అప్పుడే అది కొలత అవుతుంది, లేకపోతే ప్రచారమే.

పాలమూరు పరిశోధనకు మరో ముఖం ఉంది, అది ఈ ప్రాంతం గురించి బయటివారు చేసినది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో మెట్ట ప్రాంతపు పల్లెల్లో కుటుంబాల ఆదాయ వ్యయాలను ఏళ్ల తరబడి నమోదు చేసే అధ్యయనం ప్రారంభించినప్పుడు, ఎంచుకున్న ఊళ్లలో అప్పటి కల్వకుర్తి తాలూకాలోని ఔరేపల్లి, పాలమూరుకు దగ్గరలోని దోకూరు ఉన్నాయి. ఆ పల్లెల రైతులు, కూలీలు చెప్పిన లెక్కల మీద ప్రపంచంలోని పేరెన్నికగన్న ఆర్థికవేత్తలు పనిచేశారు. పల్లెలో పంట పోయినప్పుడు కుటుంబాలు ఒకదానికొకటి ఎంతవరకు ఆసరా అవుతాయన్న ప్రశ్న మీద రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకానొమెట్రికా పత్రికలో రాసిన వ్యాసానికి ఔరేపల్లి లెక్కలు ఒక ఆధారం. ఆ వ్యాసం అభివృద్ధి అర్థశాస్త్రంలో ఎక్కువగా ఉటంకింపు పొందినవాటిలో ఒకటి. అలాగే దేశంలో వర్షపాతాన్ని బట్టి చెల్లించే పంట బీమా తొలి ప్రయోగాల్లో ఒకటి 2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థల ద్వారా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోనే, వేరుశనగ, ఆముదం రైతుల మధ్య జరిగింది, దాని మీదా ప్రపంచ బ్యాంకు పరిశోధకులు విస్తారంగా రాశారు. కరువు, వలస, అప్పు అనే ఈ నేల కష్టాలు అంతర్జాతీయ విజ్ఞానానికి ముడిసరుకు అయ్యాయి, కానీ ఆ వ్యాసాల కీర్తి షికాగోకో వాషింగ్టన్‌కో జమ అయింది, ఇక్కడి ఏ కళాశాలకూ అందులో వాటా రాలేదు.

అమ్రాబాద్ పీఠభూమి చెంచుల విషయంలో ఈ తేడా ఇంకా పాతది. ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండవ ప్రపంచ యుద్ధం వల్ల నిజాం రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చి, 1940లో నల్లమల చెంచుల మధ్య తిరిగి, వారి జీవితం మీద రాసిన గ్రంథం 1943లో అచ్చైంది. ఇప్పటికీ చెంచుల గురించి రాసే ప్రతి పరిశోధకుడూ ఆ పుస్తకం దగ్గర ఆగక తప్పదు, అంటే ఉటంకింపుల తూకంలో దాని ప్రభావం నిస్సందేహం. నాగర్‌కర్నూల్ జిల్లాలోని చెంచు పెంటల్లో, అంటే వారి గూడేల్లో, ఆ పుస్తకంలోని విషయం ఎంతమందికి చేరింది, వారి భూమి, అడవి హక్కుల విషయంలో అది ఏమైనా ఉపకరించిందా అన్నది మరొక తూకం. గద్వాల జిల్లాలో అక్షరాస్యత 2011 జనాభా లెక్కల్లో 50 శాతానికి కాస్త తక్కువగా నమోదైంది. అటువంటి చోట పరిశోధన ఫలితం చదివేవారికి చేరడం వేరు, వినేవారికి, చూసేవారికి చేరడం వేరు, రెండో దాన్ని కొలవడానికి గ్రామసభలు, రేడియో, పొలంబడి వంటి వాటి దగ్గరికి పోవాలి.

భాష సంగతి ఇంతకన్నా లోతైనది. సురవరం ప్రతాపరెడ్డి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడులో 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, ఆంధ్రుల సాంఘిక చరిత్ర అనే గ్రంథాన్ని రచించారు. రాజుల యుద్ధాలను పక్కనబెట్టి ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, వ్యాపారం, నమ్మకాల చరిత్రను కావ్యాల నుంచి, శాసనాల నుంచి, సామెతల నుంచి ఏరి కూర్చిన ఆ పుస్తకానికి 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది. ఆ తరువాత తెలుగు చరిత్ర మీద, సాహిత్యం మీద వచ్చిన వందల గ్రంథాల అధోజ్ఞాపికల్లో ఆ పేరు కనిపిస్తుంది, 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికే ఆయన పేరు పెట్టారు. అయినా స్కోపస్ లెక్కల్లో తెలుగు పుస్తకం తెలుగు పుస్తకాన్ని ఉటంకించడం దాదాపుగా కనిపించదు, ఆ నిధులు ప్రధానంగా ఇంగ్లీషు పత్రికల చుట్టూ అల్లినవి గనుక. పాలమూరు విశ్వవిద్యాలయంలో తెలుగులోనో చరిత్రలోనో పరిశోధన చేసే విద్యార్థి ఈ రోజు సురవరం దారిలో నడిస్తే, జాతీయ ర్యాంకింగులో ఆ కృషి విలువ శూన్యానికి దగ్గరగా ఉంటుంది. ఇది ఆ విద్యార్థి లోపం కాదు.

విద్వద్గద్వాల అని పేరుపడిన గద్వాల సంస్థానంలోను, పొరుగున ఉన్న వనపర్తి, జటప్రోలు సంస్థానాల్లోను ఒకప్పుడు పాండిత్యాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉండేది. కవి సభకు రావాలి, ఆస్థాన పండితులు అడిగినదానికి అక్కడికక్కడే జవాబు చెప్పాలి, విన్నవారు మెచ్చితే సత్కారం, వార్షికం దొరికేవి. ఆ పద్ధతిలో పక్షపాతాలు లేవని అనలేము, అందులో ప్రవేశం కొన్ని కులాలకే, దాదాపుగా మగవారికే ఉండేదన్నది మరవరానిది. కానీ పనిని తెలిసినవారు స్వయంగా విని, చదివి తీర్పు చెప్పడం అనే గుణం అందులో ఉంది. ఇవాళ ప్రపంచంలో పరిశోధన మదింపు గురించి పట్టించుకునేవారు మళ్లీ ఆ గుణాన్నే అడుగుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో సమావేశమైన శాస్త్రజ్ఞులు పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరును బట్టి మనిషి పనికి విలువ కట్టవద్దని ప్రకటించారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరం పేరుతో 2015లో వెలువడిన మానిఫెస్టో పది సూత్రాలు చెప్పింది, అందులో మూడవది స్థానిక అవసరాలకు సంబంధించిన మేలైన పరిశోధనను కాపాడమని. పాలెం కంది, చెంచు పెంట, సురవరం తెలుగు ఆ ఒక్క సూత్రం కిందికే వస్తాయి.

సంఖ్యల మీద ఒత్తిడి పెరిగినప్పుడు ఏం జరుగుతుందో దేశం చూసింది. అధ్యాపకుల పదోన్నతిని 2010 నిబంధనలు పాయింట్లతో ముడిపెట్టాక డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. వాటిని అరికట్టడానికి యూజీసీ జాబితాలు తయారుచేసి, చివరకు 2025లో ఆ జాబితానే విరమించుకుంది. పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చు కావాలన్న షరతును 2022లో తొలగించింది. అదే 2025లో ఎన్ఐఆర్ఎఫ్ కూడా తప్పుడువని తేలి వెనక్కి తీసుకున్న వ్యాసాలకు మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. ఇవి అవసరమైన దిద్దుబాట్లే.

మూడు జిల్లాలకు సరిపడే కొలత తయారు కావాలంటే మొదట చిరునామాను వదలి స్థలాన్ని పట్టుకోవాలి. వ్యాసం కింద సంస్థ పేరు ఏదైనా, శీర్షికలోనో సారాంశంలోనో పాలెం, అమ్రాబాద్, ఆలంపూర్, కొల్లాపూర్, జూరాల, నడిగడ్డ వంటి ఊళ్ల, ప్రాంతాల పేర్లు ఉన్నవాటిని, వాటి అన్ని అక్షరక్రమాలతో వెతికి ఒకచోట చేర్చడం గ్రంథపాలకులు చేయగల పని. దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధగంగ అనే ఉచిత నిధిలో ఉంచుతోంది, ఈ ప్రాంతం మీద జరిగిన పరిశోధనలో పత్రికలకు ఎక్కని భాగం అక్కడ దొరుకుతుంది. అలా చేర్చిన జాబితాలో ఒక వ్యాసానికి ఐదుగురు రచయితలుండి ఒకరే వనపర్తివారైతే, ఐదో వంతునే వనపర్తికి రాసుకోవాలి. భాగాల లెక్క అనే ఈ పద్ధతి వల్ల పెద్ద బృందాల్లో పేరు చేర్చుకుని సంఖ్య పెంచుకోవడం కుదరదు, ఉన్న కొద్దిమంది పని కూడా మాయం కాదు. జాబితాలో బయటివారు ఈ నేల గురించి రాసినవి వేరుగా, ఇక్కడివారు రాసినవి వేరుగా, ఇద్దరూ కలిసి రాసినవి వేరుగా ఉండాలి. పది, పదిహేనేళ్ల కాలంలో మూడవ భాగం పెరుగుతుంటే ఇక్కడి కళాశాలలు సమాచారం అందించే స్థితి నుంచి ప్రశ్న వేసే స్థితికి వస్తున్నాయని అర్థం. వ్యాసాల మొత్తం సంఖ్య ఆ సంగతి చెప్పదు.

కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఉటంకింపులు కూడడానికి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, సామాజిక శాస్త్రాల్లో, వ్యవసాయంలో ఇంకా ఎక్కువ. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైద్య కళాశాలలకు ఇప్పుడే హెచ్-ఇండెక్స్ అడిగితే వచ్చే జవాబుకు అర్థం లేదు. వాటిని అడగవలసినది ఆసుపత్రికి వచ్చే రోగుల వివరాలను క్రమంగా నమోదు చేస్తున్నారా, నీళ్లలో ఫ్లోరైడ్, పత్తి చేలలో పురుగుమందుల వల్ల కలిగే అనారోగ్యం, వలస కూలీల కుటుంబాల్లో పిల్లల పోషణ వంటి ఇక్కడి సమస్యలను పరిశోధనకు తీసుకుంటున్నారా అని. గద్వాల వైద్య కళాశాలలో 2024లో చేరిన తొలి తరగతి విద్యార్థులు హౌస్ సర్జెన్సీ పూర్తి చేసుకుని బయటికి వచ్చేసరికి 2030 అవుతుంది. గద్వాల చుట్టూ ఉన్న నడిగడ్డలోని పత్తి విత్తన చేలలో పనిచేసేవారి ఆరోగ్యం మీద ఆ కళాశాల రిజిస్టర్లలో అప్పటికి ఆరేళ్ల నమోదులు ఉంటే, ఆ పుస్తకాల నుంచే కొలవడం మొదలుపెట్టవచ్చు.